స్టెంట్, బైపాస్ తర్వాత భయం లేకుండా నడవడానికి, బరువు తగ్గడానికి ధ్యాస పెట్టడం ఎలా?

"మేడమ్, స్టెంట్ వేసి నాలుగు నెలలైంది. డాక్టరు గారు రోజూ నడవమన్నారు. నాలుగడుగులు వేస్తే గుండె దడదడలాడుతోంది, భయమేసి కూర్చుండిపోతున్నాను. ఈలోపు ఐదు కిలోలు పెరిగాను. ధ్యానం చేస్తే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?"

గుండె జబ్బు వచ్చినవాళ్లతో వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టుని నేను. ఈ ప్రశ్న వినని వారం ఉండదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

కళ్లు మూసుకుని కూర్చున్నంత మాత్రాన బరువు తగ్గదు. అదే ధ్యాసని నడిచేటప్పుడు ఒంటి మీద, తినేటప్పుడు కంచం మీద పెడితే మాత్రం ఫలితం ఉంటుంది. ఏది మామూలు ఆయాసమో, ఏది ప్రమాదమో తెలిసినవాళ్లు ధైర్యంగా నడుస్తారు. ఏది ఆకలో, ఏది ఆత్రమో తెలిసినవాళ్లు తక్కువ తింటారు. మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు పెట్టి నేర్పేదాంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్లకి బాగా అక్కరకొచ్చే భాగం ఇదే.

ఇది మందులకు బదులు కాదు. మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో, గుండెపోటు వచ్చిన దాదాపు 4000 మందితో యోగా, శ్వాస, ధ్యానం కలిపిన శిక్షణ మీద పెద్ద పరిశీలన చేశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. మళ్లీ గుండెపోటు రావడం, చనిపోవడం వంటివి ఆ శిక్షణ వల్ల గట్టిగా తగ్గాయని తేలలేదు. కానీ శిక్షణ తీసుకున్నవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, మునుపటి పనుల్లోకి తిరిగి వెళ్లడంలోనూ ముందున్నారు. నా అనుభవంలో నేను చూసేదీ ఇదే. కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం పలచన చేసే మాత్రలు, బీపీ, షుగర్ మందులు ఒక్క పూట కూడా మానకండి.

ఇప్పుడే మొదలుపెట్టకూడనివాళ్లు

కదలకుండా కూర్చున్నా ఛాతీలో నొప్పి వస్తున్నవాళ్లు, ఈమధ్య నొప్పి తరచుగా వస్తున్నవాళ్లు, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి వస్తున్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోవాలి. గుండె వాల్వు బాగా సన్నబడిందని, గుండె కొట్టుకోవడంలో తేడా ఉందని చెప్పించుకున్నవాళ్లు కూడా అంతే. మిగతావాళ్లు కూడా "నేను ఎంతసేపు, ఎంత వేగంగా నడవచ్చు?" అని ఒక్కసారి అడిగి, ఆ జవాబు చీటీ మీద రాయించుకోండి. పంపింగ్ ఎంత ఉందో, అంటే ఎకో రిపోర్టులో ఈఎఫ్ ఎంతో కూడా అదే చీటీలో ఉండాలి.

కావలసినవి

- మడమ గట్టిగా పట్టే చెప్పులు లేదా బూట్లు. హవాయి చెప్పులు వద్దు. షుగర్ ఉంటే వట్టికాళ్లతో నడవనే వద్దు.
- ఎత్తుపల్లాలు లేని, మధ్యలో కూర్చోవడానికి చోటున్న దారి. అపార్టుమెంటు వరండా అయినా సరే.
- 40 పేజీల నోటుబుక్కు, పెన్ను.
- బరువు చూసే మిషను, కొలిచే టేపు.
- డాక్టరు రాసి ఉంటే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర, జేబులో. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా పడిపోయే అవకాశమున్న మాత్రలు గానీ వాడేవాళ్లకి నాలుగు చెంచాల పంచదార పొట్లం కూడా.
- మొదటి రెండు వారాలు పక్కన ఒక మనిషి.

స్మార్ట్‌వాచీ అక్కర్లేదు. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను.

1. కూర్చుని పది నిమిషాలు: ఒంటిని పలకరించడం

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన 8 వారాల శిక్షణ నుంచి వచ్చిన పద్ధతి ఇది. మనకి కావలసినంత వరకే తీసుకుందాం.

వీపుకి ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకి పూర్తిగా ఆననివ్వండి. ధ్యాసని అరికాళ్ల నుంచి మొదలుపెట్టి పిక్కలు, మోకాళ్లు, తొడలు, పొట్ట, వీపు, భుజాలు, దవడ, నుదురు దాకా నెమ్మదిగా తీసుకురండి. ఒక్కోచోట అర నిమిషం ఆగండి. బిగుతుగా ఉందా, వెచ్చగా ఉందా, ఏమీ తెలియడం లేదా అన్నది గమనిస్తే చాలు, దేన్నీ మార్చక్కర్లేదు. మధ్యలో కరెంటు బిల్లు గుర్తొస్తుంది, మనవడి ఫీజు గుర్తొస్తుంది. గుర్తొచ్చిందని తెలిసిన వెంటనే ఎక్కడ వదిలేశారో అక్కడికి రండి. అలా వెనక్కి రావడమే అభ్యాసం.

ఊపిరి బిగబట్టకండి. కుంభకం, కపాలభాతి, భస్త్రిక లాంటివి డాక్టరు ఒప్పుకుంటే తప్ప వద్దు. కళ్లు మూసుకుంటే ఆపరేషన్ థియేటరు గుర్తొచ్చి గుండెదడ వస్తోందని చాలామంది చెబుతారు. అలాంటివాళ్లు కళ్లు తెరిచి గోడ మీద ఒక చుక్కని చూస్తూ చేయండి. నిద్రొస్తే తప్పేం లేదు గానీ, రోజూ నిద్రే వస్తుంటే భోజనం తర్వాత కాకుండా ముందు చేయండి.

2. ఆయాసానికి మార్కులు వేయడం

స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన కొలత ఇది, ప్రపంచమంతా వాడుతున్నారు. 0 అంటే మంచం మీద పడుకున్నట్టు. 10 అంటే ఇక ఒక్క అడుగు కూడా వేయలేనంత. మీ నడక 3, 4 దగ్గర ఉండాలి. ఊపిరి కాస్త వేగంగా ఆడుతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది, పక్కవాళ్లతో మాట్లాడగలరు. 5 దాటిందంటే వేగం తగ్గించండి.

వాచీ వద్దన్నది ఇందుకే. మీలో చాలామంది మెటోప్రొలాల్, బిసొప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకుంటున్నారు. అవి గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. గుండె ఎంత వేగందాకా వెళ్లవచ్చో 220 లోంచి వయసు తీసేసి లెక్కగట్టిన అంకె మీకు వర్తించదు. ఆ అంకె అందుకోవాలని పరుగులాంటి నడక నడిచి కళ్లు తిరిగినవాళ్లని చూశాను. మార్కుల మీద అనుమానముంటే నడుస్తూ మీ ఫోన్ నంబరు పైకి చెప్పండి. పది అంకెలూ ఆగకుండా వచ్చాయంటే సరైన వేగం. మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఎక్కువైంది. పాట కూడా పాడగలుగుతున్నారంటే కాస్త పెంచవచ్చు.

3. నడక: ధ్యాస అరికాళ్ల మీద, గుండె మీద కాదు

ఈ మెట్టు దగ్గర కొంచెం ఆగి చదవండి. "శరీరాన్ని గమనించండి" అనగానే గుండె జబ్బు ఉన్న మనిషి నేరుగా గుండెనే వినడం మొదలుపెడతాడు. వింటున్నకొద్దీ దడ పెద్దగా వినిపిస్తుంది, భయం పెరుగుతుంది, భయానికి దడ ఇంకా పెరుగుతుంది.

ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన ఒకాయన రెండు వేళ్లు మెడ మీద పెట్టుకుని, పది అడుగులకోసారి నాడి చూసుకుంటూ వచ్చేవారు. మూడు నిమిషాలు నడిచి బెంచీ వెతుక్కునేవారు. రిపోర్టులన్నీ బాగున్నాయి. షుగర్ లేదు. ఒకరోజు ఆయన చెయ్యి మెడ మీంచి తీయించి, వరండాలో చెప్పులు విప్పించి, "బాబాయ్ గారూ, నాడి నేను చూస్తాను. నేల ఎక్కడ చల్లగా ఉందో మీరు చెప్పండి" అన్నాను. నడుస్తూ, "ఇక్కడ కిటికీ నీడ పడ్డచోట చల్లగా ఉందమ్మా... ఈ బండ కొంచెం గరుకు... ఇది ఎవరో ఇప్పుడే తుడిచారు" అంటూ వెళ్లారు. ఆగేసరికి గడియారం చూపించాను. 11 నిమిషాలు. ఆయన గడియారాన్ని చూసి, మళ్లీ నన్ను చూసి, ఇంకో చుట్టు వేస్తానన్నారు.

మీరు ఇలా చేయండి:

మొదటి 5 నిమిషాలు మెల్లగా. మడమ ఆనడం, పాదం పరుచుకోవడం, వేళ్లు నేలని నెట్టడం గమనించండి. తర్వాత 3, 4 మార్కుల వేగానికి రండి. ధ్యాస అరికాళ్ల మీదే ఉంచండి. ఐదు నిమిషాలకోసారి పది సెకన్ల తనిఖీ: ఛాతీ, దవడ, చేతులు, ఊపిరి, తల. ఒక మార్కు వేసుకుని మళ్లీ అరికాళ్లకి వెళ్లిపోండి. చివరి 5 నిమిషాలు మళ్లీ మెల్లగా. ఉన్నట్టుండి ఆగిపోతే బీపీ పడి కళ్లు తిరగవచ్చు.

ఎంతసేపు? డాక్టరు వేరేగా చెప్పకపోతే మొదటి వారం మెల్లగా 5 నుంచి 10 నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. అంత తక్కువసేపైనా మొదటి నిమిషం, చివరి నిమిషం నెమ్మదిగానే ఉండాలి. రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు కలపండి. ముందు సమయం పెంచండి, ఆ తర్వాతే వేగం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 30 నిమిషాలకి చేరితే బాగుంది. వారానికి 5 రోజులు నడిస్తే 150 నిమిషాలవుతుంది.

బైపాస్ అయినవాళ్లకి ఛాతీ ఎముక అతకడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా బరువులు ఎత్తడం, చేతులతో నెట్టుకుంటూ లేవడం, నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ జరపడం వద్దు. ఎముక దగ్గర టక్కుమన్నా, చీము వచ్చినా ఆరోజే చూపించుకోండి.

భోజనం చేసి గంటన్నర కాకుండా వేగంగా నడవకండి. ఎండాకాలంలో ఉదయం ఏడులోపే ముగించండి, లేదంటే ఇంట్లోనే నడవండి. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలో కూర్చుని కాళ్లు మార్చి మార్చి ఎత్తండి. మార్కులు, తనిఖీ అలాగే ఉంటాయి. నడిస్తే పిక్క పట్టేసి, ఆగగానే తగ్గిపోతుంటే అది కాలి రక్తనాళాల సమస్య కావచ్చు, డాక్టరుకి చెప్పండి.

4. వెంటనే ఆపాల్సిన గుర్తులు

ఛాతీలో బరువు, బిగుతు, మంట, అది దవడకి, మెడకి, చేతికి, వీపుకి పాకడం, చల్లటి చెమట, కళ్లు తిరగడం, గుండె గతి తప్పి కొట్టుకోవడం, మాట తెగిపోయేంత ఆయాసం. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే రావచ్చు.

వీటిలో ఏది వచ్చినా ఆగి కూర్చోండి. సార్బిట్రేట్ రాసి ఉంటే కూర్చునే నాలుక కింద పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే పడిపోవచ్చు. మగవాళ్లు లైంగిక సమస్యకి వేసుకునే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వాడేవాళ్లు సార్బిట్రేట్ వేసుకోకూడదు. అవి వాడుతున్న సంగతి డాక్టరుకి మొహమాటం లేకుండా ముందే చెప్పాలి. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. బైకు మీద ఆస్పత్రికి బయల్దేరవద్దు.

మైండ్‌ఫుల్‌నెస్ తరగతుల్లో "నొప్పిని గమనిస్తూ దానితో ఉండండి" అని చెబుతారు. నడుం నొప్పికి, మోకాలి నొప్పికి అది పనికొస్తుంది. ఛాతీ నొప్పికి పనికిరాదు. ఛాతీలో బిగుతుని గమనిస్తూ నడక సాగించడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

5. అన్నం దగ్గర ధ్యాస

ఆ అమెరికా శిక్షణలో ఒక ఎండుద్రాక్షని చూసి, వాసన పీల్చి, నెమ్మదిగా నమలమంటారు. మనకి ఎండుద్రాక్ష అక్కర్లేదు. చేత్తో కలుపుకుని తినే మనిషి వేళ్లకే అన్నం వేడి, మెత్తదనం తెలుస్తాయి. టీవీ ముందు కూర్చోవడం వల్ల ఆ తెలివిడి పోగొట్టుకుంటున్నాం.

మొదటి ముద్ద ఇలా: కలపండి, చేతిలో ఉంచుకుని చూడండి, వాసన చూడండి, నోట్లో పెట్టుకుని 20 సార్లు నమలండి, పూర్తిగా మింగాకే రెండో ముద్ద కలపండి. ఆ తర్వాత మామూలుగా తినండి, కానీ ఒకటే నియమం: నోట్లో ముద్ద ఉండగా వేళ్లు ఇంకో ముద్ద కలపకూడదు. చేసి చూడండి, ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. కంచం సగం అయ్యాక ఒక నిమిషం ఆగి, ఆకలికి 10కి ఎన్ని మార్కులో వేసుకోండి. 3కి వచ్చిందంటే చాలించే వేళైంది. త్రేన్పు వచ్చేదాకా ఆగితే అప్పటికే ఎక్కువైపోయింది.

బరువు తగ్గడంలో మన భోజనానికి ఒక చిక్కుంది. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, చారులోకి మళ్లీ అన్నం, చివర పెరుగులోకి ఇంకాస్త. ప్రతి వరసకీ కొత్తగా పెట్టుకుంటాం, ప్రతిసారీ "కొంచెమే" అనుకుంటాం. అందుకని తినబోయే అన్నం మొత్తం మొదటే కంచంలో పెట్టుకుని, వేలితో గీత గీసి మూడు భాగాలు చేసుకోండి: పప్పు, కూర ఒకటి, చారు ఒకటి, పెరుగు ఒకటి. ఆ తర్వాత అన్నం గిన్నె వంటింట్లోనే ఉండాలి. కూర మాత్రం రెండింతలు వేసుకోండి, నూనె తక్కువతో చేసిందైతే. నూనె మనిషికి నెలకి అర లీటరు చొప్పున తెచ్చి, అది అయిపోయేదాకా ఇంకోటి కొనకుండా ఉండడం తేలికైన పద్ధతి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. "ఏవండీ, పెరుగన్నం ఇంకొంచెం వేసుకోండి, మరీ చిక్కిపోయారు" అనడం ప్రేమే. ఆ ప్రేమని ఇంకో గరిటె అన్నంలో కాకుండా, పక్కన కూర్చుని నెమ్మదిగా తినడంలో చూపించండి.

ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, ఊరుమిరపకాయలు, అప్పడాలు దీన్ని సులువుగా దాటించేస్తాయి. సైంధవ లవణం కూడా ఉప్పే. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది; బీపీ మాత్రల్లో కొన్ని వాడేవాళ్లకి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి అది ప్రమాదం, అడగకుండా కొనకండి. వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్, వార్ఫరిన్ వేసుకునేవాళ్లు బరువు తగ్గాలని ఉన్నట్టుండి ఆకుకూరలు విపరీతంగా పెంచకూడదు. మందు పని తగ్గిపోతుంది. రోజూ ఒకే మోతాదులో తినండి.

6. సాయంత్రం ఆత్రం

నాలుగు నుంచి ఆరు మధ్యలో మిక్స్చరు డబ్బా పిలుస్తుంది. ఆ సమయంలో మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: "ఇప్పుడు చప్పటి మజ్జిగన్నం పెడితే తింటానా?" తింటాననిపిస్తే అది ఆకలి, గుగ్గిళ్లో, పండో తినండి. అక్కర్లేదు, బజ్జీలే కావాలనిపిస్తే అది ఆత్రం. కుర్చీలో కూర్చుని మూడు నిమిషాలు అది ఒంట్లో ఎక్కడుందో చూడండి: నోట్లో నీళ్లా, గొంతులోనా, చేతుల్లో తొందరా? చాలాసార్లు మెల్లగా దిగిపోతుంది. దిగకపోతే ఒక్క బజ్జీ కంచంలో పెట్టుకుని, కూర్చుని, మొదటి ముద్ద పద్ధతిలో తినండి. షుగర్ మందు వాడేవాళ్లకి చెమట, వణుకు వస్తే అది ఆత్రం కాదు, షుగర్ పడిపోతోంది. ధ్యాస పెడుతూ కూర్చోకుండా మూడు నాలుగు చెంచాల పంచదార వేసుకుని, పావుగంటలో మళ్లీ చూసుకోండి.

ఎక్కువమంది చేసే తప్పులు

ఫోన్ మాట్లాడుతూ నడవడం మొదటిది. అరగంట నడిచామంటారు, ఏ నిమిషంలో ఆయాసం మొదలైందంటే చెప్పలేరు.

వారం రోజులు బాగుందని ఎనిమిదో రోజు రెట్టింపు నడవడం. మర్నాడు లేవలేక, "నాకు నడక పడదు" అని మానేయడం. రాత్రికి కూడా అలసట తీరకపోతే, మర్నాడు నిన్నటి సమయంలో సగమే నడవండి.

నడిచొచ్చాక హోటల్లో ఇడ్లీ, వడ, పైన నెయ్యి కారప్పొడి దోసె. అరగంట నడకకి ఖర్చయ్యేది ఆ దోసె ముందు చాలా తక్కువ.

మనసు నిలవడం లేదని బాధపడడం. నిలవదు. వెనక్కి తెచ్చిన ప్రతిసారీ లెక్కలోకి వస్తుంది.

గుండెపోటు తర్వాత దిగులు చాలామందికి వస్తుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, ఏడుపొస్తున్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా ధ్యాసతో సరిపెట్టుకోవద్దు. డాక్టరుకి చెబితే దానికి వైద్యం ఉంది.

ఫలితం ఎలా చూసుకోవాలి?

నోటుబుక్కులో రోజుకి ఒక వరస చాలు: ఎన్ని నిమిషాలు, ఎన్ని మార్కులు, రాత్రి భోజనంలో ఎన్ని ఆకలి మార్కుల దగ్గర ఆపారు.

రెండు వారాలకోసారి ఒకే దారిలో, ఒకే సమయంలో, 6 నిమిషాల్లో ఎంత దూరం వెళ్లారో చూడండి. కరెంటు స్తంభాలు లెక్కపెట్టినా చాలు. అదే 4 మార్కుల దగ్గర ఒక స్తంభం ఎక్కువ దాటారంటే గుండె, కండరాలు బలపడుతున్నట్టు. పోటీ పెట్టుకుని 6, 7 మార్కులకి వెళ్లవద్దు.

బరువు వారానికి ఒకసారి, ఉదయం, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు. వారానికి అర కిలోకి మించి తగ్గాలని చూడకండి. 80 కిలోల మనిషి ఆరు నెలల్లో 4 కిలోలు తగ్గినా బీపీ, షుగర్ మీద మార్పు కనిపిస్తుంది. నడుము చుట్టుకొలత నెలకోసారి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 లోపు ఉండాలి. మొదటి నెల మిషను కదలకపోయినా టేపు కదలవచ్చు.

పంపింగ్ తక్కువగా ఉన్నవాళ్లు బరువు రోజూ చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు చేరుతోంది. కాళ్ల వాపు, ఆయాసం కూడా ఉంటే ఆరోజే డాక్టరుకి ఫోన్ చేయండి. అలాగే ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకున్నాక తగ్గిన బరువు కొవ్వు తగ్గినట్టు కాదు. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు పడిపోతున్నా చూపించుకోవాలి. బరువు, బీపీ తగ్గుతున్నకొద్దీ మాత్రల మోతాదు మార్చాల్సి రావచ్చు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే ఆ విషయం చెప్పండి. మోతాదు డాక్టరే మార్చాలి, మీరు కాదు.

ఇంకో ప్రశ్న తరచుగా వస్తుంది: పెళ్లికో, జ్వరం వల్లో పది రోజులు మానేస్తే? ఆగినచోటి నుంచి కాదు, ఆగినదానిలో సగం నుంచి మొదలుపెట్టండి. 24 నిమిషాల దగ్గర ఆగి ఉంటే 12 నిమిషాలు. అరికాళ్ల దగ్గర నుంచే.